ఢిల్లీ లేఖ: డ్రైవరు పక్కన ఖాళీ అయిన సీటు

కేంద్ర ప్రభుత్వానికి లారీ డ్రైవరు గుర్తుకు వచ్చే సందర్భాలు రెండే. రహదారిమీద ఘోరమేదైనా జరిగినప్పుడు ఒకటి. లారీలు కదలక సరుకు నిలిచిపోయినప్పుడు రెండవది. 2024 జనవరి మొదటి రెండు రోజులలో ఈ రెండవ సందర్భం వచ్చింది. నిర్లక్ష్యంగా బండి నడిపి ఒకరి మరణానికి కారకుడై, పోలీసుకో మేజిస్ట్రేటుకో తెలుపకుండా పారిపోయిన డ్రైవరుకు పదేళ్ల వరకు జైలుశిక్ష విధించవచ్చునని భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షను రెండవ ఉపవిభాగం చెప్పింది. ఆగితే జనం కొట్టి చంపుతారు, ఆగకపోతే పదేళ్లు జైలు అని డ్రైవర్లు స్టీరింగు వదిలి దిగారు. హైదరాబాదు పెట్రోలు బంకుల ముందు ఆనాడు బారులు తీరిన వాహనాలను పాఠకులు మరచిపోయి ఉండరు. జనవరి 2 రాత్రి హోంశాఖ కార్యదర్శి అఖిల భారత మోటార్ ట్రాన్స్‌పోర్ట్ కాంగ్రెస్ ప్రతినిధులతో మాట్లాడి, వారిని సంప్రదించిన తరువాతనే ఆ నిబంధన అమలును గురించి నిర్ణయిస్తామని ప్రకటించారు. ఆ సంవత్సరం జూలై 1న కొత్త సంహిత అమలులోకి వచ్చినప్పుడు ఆ ఒక్క ఉపవిభాగాన్ని పక్కన ఉంచారు.

ఆ రోజులలో రాజధానిలో శిక్షను గురించి జరిగినంత చర్చలో శిక్షణను గురించి పదోవంతు కూడా జరగలేదు. 2022లో దేశంలోని రోడ్లమీద 1,68,491 మంది మరణించినట్లు కేంద్ర రవాణా శాఖవారి లెక్క. ఇందరు చనిపోయే రోడ్లమీద ఇరవై, ముప్పై టన్నుల బరువును నడిపే మనిషి ఆ విద్యను ఎక్కడ, ఎవరి దగ్గర నేర్చుకుంటున్నాడన్న ప్రశ్నను పార్లమెంటు భవనంలో కంటే సంజయ్‌గాంధీ ట్రాన్స్‌పోర్ట్ నగర్‌లో అడగడం మేలని నాకు తోచింది.

ఢిల్లీ నగరానికి ఉత్తరాన, ఆజాద్‌పూర్ మండీకి పోయేదారిలో ఉన్నది ఈ ట్రాన్స్‌పోర్ట్ నగర్. మన మామిడి ఆజాద్‌పూర్‌కు చేరే రోజులలో ఇక్కడ తెలుగు మాట వినడం కష్టం కాదు. విజయవాడ ఆటోనగర్‌ను ఎరిగినవారికి ఈ చోటు కొత్తగా తోచదు. అవే టైర్ల గుట్టలు, అవే బ్రోకరు ఆఫీసులు, లారీల నీడలో అదే వంట. మారినదల్లా లారీ క్యాబిన్ లోపల ఉన్నది. ఒకప్పుడు ప్రతి లారీలోనూ డ్రైవరు పక్కన క్లీనరు ఉండేవాడు. ఉత్తరాదిలో అతన్ని ఖలాసీ అంటారు, అతడు డ్రైవరును ఉస్తాద్ అంటాడు. అద్దం తుడవడం, టార్పాలిన్ కట్టడం, ఎత్తులో బండి ఆగితే చక్రం కింద రాయి పెట్టడం, వెనక్కు తీసేటప్పుడు దిగి దారి చెప్పడం అతని పని. ఖాళీ రోడ్డుమీద, ఖాళీ బండితో, ఉస్తాద్ మనసు బాగున్న తెల్లవారుజామున స్టీరింగు చేతికి వచ్చేది. ఈ విధంగా నాలుగైదేళ్లు గడిస్తే క్లీనరు డ్రైవరయ్యేవాడు.

ఆ బడిని పొగడడం నా ఉద్దేశం కాదు. తిట్లు, దెబ్బలు, జీతం లేని నెలలు, చదువుకోవలసిన వయసులో క్యాబిన్‌లో పడి నిద్రపోయిన పిల్లలు, ఇవన్నీ ఆ బడిలోనివే. కాని వాన కురిసిన రాత్రి ఘాట్‌రోడ్డు ఎట్లా దిగాలో అది నేర్పేది. పల్లంలో డీజిలు ఆదా అవుతుందని గేరు తీసి న్యూట్రల్‌లో వదిలితే ఇంజను పట్టు పోయి, భారమంతా బ్రేకులమీద పడి, అవి వేడెక్కి చివరి మలుపులో పట్టవని పక్క సీటులో కూర్చున్నవాడికి ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు.

ఆ పక్క సీటు ఖాళీ కావడానికి యజమానుల పొదుపు ఒక కారణం, నిబంధనలు మరొక కారణం. జాతీయ పర్మిటు లారీలో ఇద్దరు డ్రైవర్లు ఉండాలన్న నియమాన్ని 2018లో కేంద్రం తొలగించింది. మరుసటి సంవత్సరం, రవాణా వాహనం నడపడానికి ఎనిమిదో తరగతి చదివి ఉండాలన్న నియమాన్ని కూడా తీసివేసింది. దేశంలో సుమారు 22 లక్షల మంది డ్రైవర్ల కొరత ఉన్నదని, మేవాత్ వంటి వెనుకబడిన ప్రాంతాల యువకులకు ఉపాధి దొరుకుతుందని, చదువు కంటే నైపుణ్యం ముఖ్యమని మంత్రిత్వశాఖ చెప్పింది. నిజమే, ఎనిమిదో తరగతి ప్రశ్నపత్రంలో ఘాట్‌రోడ్డు మలుపు రాదు. అయితే చదువును తీసివేసిన వేగంతో నైపుణ్యాన్ని సమకూర్చారా?

మోటారు వాహనాల నిబంధనల ప్రకారం డ్రైవింగు స్కూలు రవాణా వాహనానికి 30 రోజుల శిక్షణ ఇవ్వాలి; అందులో 15 గంటలు బండి నడిపించాలి. కాగితం మీది మాట ఇది. ఇది చాలదని గ్రహించియే కాబోలు, 2021 జూలై 1 నుంచి గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాల పద్ధతిని తెచ్చారు. భారీ వాహనాలకు 6 వారాలలో 38 గంటల శిక్షణ, రెండెకరాల స్థలం, సిమ్యులేటరు, ట్రాకు ఉండాలన్నారు. అక్కడ ఉత్తీర్ణుడైనవాడు ఆర్.టి.ఓ. ఆఫీసులో మళ్లీ పరీక్షకు నిలబడనక్కరలేదు. సిరిసిల్ల దగ్గర మండేపల్లిలో అశోక్ లేలాండ్ సహకారంతో నెలకొన్న సంస్థ వంటివి మన ప్రాంతంలోనూ ఉన్నవి. ఇటువంటివి మంచి సంస్థలే. కాని 38 గంటలు ముగిసి సర్టిఫికెట్ చేతికి వచ్చిన మర్నాడు ఏమి జరుగుతుందన్నదే అసలు ప్రశ్న.

ఈ ప్రశ్న నా ముందుకు ఒక మనిషి రూపంలో వచ్చింది. కృష్ణా జిల్లా డ్రైవరు ఒకాయన మామిడి లోడు దింపి ట్రాన్స్‌పోర్ట్ నగర్‌లో తిరుగు లోడుకు ఎదురుచూస్తున్నాడు. వెంట మేనల్లుడు. ఇరవై ఒకటో ఏడు, ఇంటర్మీడియెట్ తప్పాడు. కారు లైసెన్సు ఉన్నది.

“వీడికి రెండు దారులున్నాయండీ,” అన్నాడు ఆయన. “గురుగ్రామ్‌లో ఒక కంపెనీవాళ్లు ఉచితంగా నేర్పిస్తామంటున్నారు. రెండేళ్లు కదలకూడదంట, సర్టిఫికెట్లు వాళ్ల దగ్గరే పెట్టాలంట. లేదంటే మా ఊళ్లో మూడు లారీల ఓనరున్నాడు, నేను నడిపేది ఆయన బండే. మీరు చదువుకున్నవారు, ఏది మంచిదో చెప్పండి.”

కంపెనీ అంటే జీతం నెలనెలా వస్తుందన్న ఆశ మేనల్లుడిది. “మామ దగ్గరైతే ఎప్పటికీ క్లీనర్నే సార్,” అన్నాడు మెల్లగా.

జీతం సంగతి చివర అడగమన్నాను. డబ్బు ఎంత అన్నదానికంటే ఏ లెక్కన ఇస్తారన్నది ముఖ్యం. ట్రిప్పుకు ఇంత అని మొత్తంగా ముట్టజెప్పి, డీజిలు మిగిలితే నీదే అనే చోట కొత్తవాడు నిద్ర మానడం, న్యూట్రల్‌లో దిగడం మొదటి నెలలోనే నేర్చుకుంటాడు. ప్రమాదం జరిగితే బెయిలు ఎవరు తెస్తారు, వకీలు ఖర్చు ఎవరిది, సరుకు పాడైతే జీతంలో కోస్తారా అని అడగాలి. ఉచిత శిక్షణ మధ్యలో వదిలి వెళితే ఎంత కట్టాలో కాగితం మీద చూపమనాలి. సర్టిఫికెట్లు తాకట్టు పెట్టుకునే చోటికి వెళ్లవద్దని నిర్మొహమాటంగా చెప్పాను. కాగితాలు పట్టుకుంటే తప్ప మనుషులు నిలువరని నమ్మిన సంస్థకు తన దగ్గరి పని ఎట్లాంటిదో తెలుసునన్నమాట.

అన్నిటికంటే ముందు అడగవలసినది, లైసెన్సు వచ్చిన తరువాత మొదటి ఆరు నెలలు పక్కన ఎవరు కూర్చుంటారని. కుర్రవాడు అక్కడి నుంచే ఆ కంపెనీకి ఫోను చేసి అడిగాడు. బండిలో జి.పి.ఎస్. ఉన్నది, ఆఫీసు నుంచి చూస్తుంటామని జవాబు వచ్చింది. మేనమామ నవ్వలేదు.

ఊరి ఓనరు దారిలో నియామక పత్రం లేదు, ప్రావిడెంటు ఫండు లేదు. పక్కన ముప్పై ఏళ్లు బండి నడిపిన మనిషి మాత్రం ఉన్నాడు. ఆ ఏడాదికి ఆ దారే మేలన్నాను. కారు లైసెన్సుతోనే 7,500 కిలోల లోపు రవాణా వాహనం నడపవచ్చునని 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పింది కాబట్టి ముందు చిన్న బండిమీద చేయి తిరగనిమ్మని, తరువాత గుర్తింపు పొందిన కేంద్రంలో హెవీ శిక్షణ పూర్తిచేసి కంపెనీల మాట చూడమని నా సలహా. కుర్రవాడికి ఇది అంతగా రుచించినట్లు లేదు.

కంపెనీలన్నీ ఒకే తీరువని అనను. 2014లో గురుగ్రామ్‌లో పుట్టిన రివిగో సంస్థ రిలే పద్ధతి పెట్టింది. ఒక డ్రైవరు కొన్ని గంటల దూరం నడిపి బండిని మరొకరికి అప్పగించి, ఎదురు వచ్చే బండిలో ఇంటికి తిరిగివచ్చేవాడు. డ్రైవరు కూడా భార్యాపిల్లలున్న మనిషేనన్న గ్రహింపు ఆ ఆలోచనలో ఉన్నది. 2022లో ఆ సంస్థ తన ఎక్స్‌ప్రెస్ వ్యాపారాన్ని మహీంద్రా లాజిస్టిక్స్‌కు అమ్మివేసింది.

చట్టం సంగతికి వస్తే, రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు మించరాదన్న మోటారు రవాణా కార్మికుల చట్టం 1961లోనే వచ్చింది. ఐదుగురు పనివారున్న సంస్థకు అది వర్తించేది. మూడు లారీల ఓనరు ముగ్గురు డ్రైవర్లు, ఇద్దరు క్లీనర్లతో ఆ గీత దగ్గరకు వచ్చేవాడు. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన కార్మిక స్మృతులు ఆ చట్టాన్ని తమలో కలుపుకున్నవి. నియామక పత్రం తప్పనిసరి అన్నవి, అది మేలే. కాని మోటారు రవాణా సంస్థ అనిపించుకోవడానికి ఇప్పుడు పదిమంది పనివారు ఉండాలి. ఈ దేశంలో లారీలలో అధికభాగం నాలుగైదు బండ్లకు మించని చిన్న యజమానులవి. ఐదును పది చేసినప్పుడు ఎందరు డ్రైవర్లు గీత అవతల పడ్డారో శ్రమశక్తి భవన్‌లో ఎవరైనా లెక్క వేశారా అని మన ఎంపీలలో ఒక్కరైనా ప్రశ్నోత్తరాల సమయంలో అడిగితే బాగుంటుంది. ఇద్దరు డ్రైవర్ల నియమాన్ని తీసివేసిన మంత్రిత్వశాఖను, కొత్త లైసెన్సుదారు మొదటి ఆరు నెలలు ఒంటరిగా దూరప్రయాణం చేయరాదన్న నియమం తేవడానికి అడ్డమేమిటని కూడా అడగవచ్చు. ఆటోనగర్ ఉన్న విజయవాడ ప్రతినిధికి ఈ ప్రశ్న వేయడానికి ఢిల్లీలో ఎవరి అనుమతీ అక్కరలేదు.