చిన్న విమానాశ్రయం – పెద్ద బాధ్యత

రాయలసీమకు దక్షిణపు కొసన, ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, తమిళనాడు రాష్ట్రాల సరిహద్దులు దగ్గరయ్యే చోట ఒక పీఠభూమి ఉంది. పూర్వపు చిత్తూరు జిల్లాలోని మదనపల్లె, పుంగనూరు, కుప్పం ఆ పీఠభూమి మీది ఊళ్ళు. మదనపల్లె టమోటా విపణికి, పుంగనూరు పొట్టి జాతి ఆవులకు, కుప్పం ద్రావిడ విశ్వవిద్యాలయానికి పేరు పొందాయి. ఇక్కడివారు విమానం ఎక్కాలంటే తూర్పున తిరుపతి సమీపంలోని రేణిగుంటకో, పడమట బెంగళూరు సమీపంలోని దేవనహళ్ళికో రహదారి మీద గంటల తరబడి ప్రయాణించాలి. కుప్పం ప్రాంతంలో ఒక విమానాశ్రయం నిర్మించాలని 2019 జనవరిలో శంకుస్థాపన జరిగింది. తరువాత ఆ పని ముందుకు సాగలేదు. 2024లో ఆ ప్రతిపాదన మళ్ళీ ప్రభుత్వ పరిశీలనకు వచ్చింది.

తమ ప్రాంతానికి విమానం రావాలని ప్రజలు కోరుకోవడం సహజం. కాని విమానం దిగడానికి ఒక రన్‌వే, ప్రయాణికులు కూర్చోవడానికి ఒక భవనం ఉంటే విమానాశ్రయం అయిపోతుందా? చిన్న విమానాశ్రయాన్ని మెరుగుపరచడమంటే నిజంగా ఏమి చేయాలి?

ఇందుకు దగ్గరలోని రేణిగుంటనే ఉదాహరణగా తీసుకోవచ్చు. అక్కడ 'గరుడ' పేరుతో నిర్మించిన కొత్త టెర్మినల్ భవనాన్ని 2015 అక్టోబర్ 22న ప్రధానమంత్రి నరేంద్ర మోదీ ప్రారంభించారు. 2017లో ఆ విమానాశ్రయానికి అంతర్జాతీయ హోదా లభించింది. శ్రీవారి దర్శనానికి వచ్చే వృద్ధులకు, దివ్యాంగులకు, పిల్లల తల్లులకు విశాలమైన భవనం ఎంతో మేలు. అయితే అక్కడ చేపట్టిన మరొక ముఖ్యమైన పని ప్రయాణికుల కంటికి అంతగా ఆనదు. అది సుమారు 2,285 మీటర్ల రన్‌వేను 3,810 మీటర్లకు పొడిగించే పని. భవనం సౌకర్యానికి సంబంధించినది. రన్‌వే ప్రాణానికి సంబంధించినది.

రన్‌వే ఎంత పొడవుండాలో నిర్ణయించేది విమానం పరిమాణం ఒక్కటే కాదు. ఆ ఊరి ఎత్తు, ఎండ కూడా నిర్ణయిస్తాయి. ఎత్తు పెరిగేకొద్దీ గాలి పలుచబడుతుంది. వేడి పెరిగినా అంతే. పలుచని గాలిలో రెక్కలకు లేచే బలం తగ్గుతుంది, యంత్రాల శక్తి కూడా తగ్గుతుంది. అందువల్ల విమానం ఎక్కువ దూరం పరుగెత్తి గాని పైకి లేవలేదు. సముద్రమట్టం నుండి ప్రతి 300 మీటర్ల ఎత్తుకు రన్‌వే పొడవును 7 శాతం చొప్పున, ఆ ఎత్తులో ఉండవలసిన ప్రామాణిక ఉష్ణోగ్రతకు మించిన ప్రతి డిగ్రీకి 1 శాతం చొప్పున పెంచాలని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ లెక్క చెప్పింది.

ఈ లెక్కను పీఠభూమికి అన్వయించి చూడవచ్చు. మదనపల్లె సముద్రమట్టానికి ఇంచుమించు 700 మీటర్ల ఎత్తున ఉంది. సముద్రతీరంలో చల్లని వేళ 1,500 మీటర్ల రన్‌వే చాలిన విమానానికి ఆ ఎత్తులో సుమారు 1,745 మీటర్లు కావాలి. దానికి 35 డిగ్రీల ఎండ తోడైతే ఆ అవసరం 2,100 మీటర్లు దాటుతుంది. తీరప్రాంతంలో సరిపోయిన కొలతను తెచ్చి పీఠభూమి మీద పెడితే సరిపోదన్నమాట.

రన్‌వే చివర కూడా కొంత నేలను ఏమీ కట్టకుండా, చదునుగా, గట్టిగా ఉంచాలి. దానిని రన్‌వే చివరి రక్షణ స్థలం అంటారు. దిగుతున్న విమానం ఏ కారణం చేతనైనా ఆగవలసిన చోట ఆగలేకపోతే దానిని కాచేది ఆ నేలే. కనీసం 90 మీటర్లు తప్పనిసరి అనీ, పెద్ద రన్‌వేలకు 240 మీటర్లు ఉండడం మంచిదనీ అంతర్జాతీయ ప్రమాణాలు చెబుతున్నాయి.

ఈ ఖాళీ నేల విలువ మన దేశం ఎంతో దుఃఖంతో నేర్చుకున్న పాఠం. 2010 మే 22న దుబాయి నుండి వచ్చిన విమానం మంగళూరులో కొండ మీది రన్‌వేపై ఆలస్యంగా నేలను తాకి, చివర దాటి లోయలో పడింది. అందులోని 166 మందిలో 158 మంది మరణించారు. 2020 ఆగస్టు 7న వర్షం కురుస్తున్న వేళ కోళికోడ్‌లో మరొక విమానం అలాగే రన్‌వేను, దాని చివరి రక్షణ స్థలాన్ని కూడా దాటి కిందికి జారిపోయింది. 21 మంది ప్రాణాలు కోల్పోయారు. ఈ రెండు ప్రమాదాలలోను విమాన చోదకుల నిర్ణయ లోపాన్ని విచారణ బృందాలు ఎత్తి చూపాయి. మనిషి పొరపాటు చేయడం ఉంటుంది. ఆ పొరపాటును మన్నించే నేల ఉన్నదా లేదా అన్నదే విమానాశ్రయం నిర్మించేవారు ముందుగా ఆలోచించవలసిన విషయం. అయితే నేల ఎంత ఉన్నా క్రమశిక్షణకు అది ప్రత్యామ్నాయం కాదని కోళికోడ్ ఉదంతం తెలుపుతోంది.

రన్‌వే పక్కన వరుసగా నాలుగు దీపాలు ఉంటాయి. చోదకుడు సరైన వాలులో దిగుతుంటే వాటిలో రెండు తెల్లగా, రెండు ఎర్రగా కనిపిస్తాయి. మరీ ఎత్తున ఉంటే నాలుగూ తెల్లబడతాయి. మరీ కిందికి దిగితే నాలుగూ ఎర్రబడతాయి. చూడడానికి ఇది చిన్న ఏర్పాటే. కాని గుట్టలు, బండరాళ్ళు విస్తారంగా ఉన్న ప్రాంతంలో ఆ ఎరుపు రంగే ఒక హెచ్చరిక.

అగ్నిమాపక దళం మరొక ముఖ్యాంగం. వచ్చే విమానం పొడవు, వెడల్పులను బట్టి విమానాశ్రయానికి ఒక అగ్నిమాపక శ్రేణిని నిర్ణయిస్తారు. ఎన్ని వాహనాలు, ఎంత నీరు, ఎంత నురుగు ద్రావణం సిద్ధంగా ఉండాలో ఆ శ్రేణి చెబుతుంది. పెద్ద విమానం రావాలంటే అందుకు తగిన శ్రేణి ఉండాలి. ప్రమాద సూచన అందిన మూడు నిమిషాలలోగా మొదటి వాహనం రన్‌వేలో ఏ చోటికైనా చేరి నురుగు చిమ్మగలగాలి. రెండు నిమిషాలలో చేరడం లక్ష్యంగా పెట్టుకోవాలి. విమానంలో ఇంధనం అంటుకుంటే మనుషులు బయటపడడానికి దొరికే వ్యవధి అంత స్వల్పం మరి.

విమానాశ్రయ రక్షణ గోడ లోపలి సిబ్బందితోనే ముగియదు. కుప్పం, పలమనేరు ప్రాంతంలో కౌండిన్య అభయారణ్యం ఉంది. అక్కడి ఏనుగులు పొలాలలోకి రావడం రైతులకు తెలిసినదే. పశువులు, కుక్కలు, అడవి జంతువులు రన్‌వే మీదికి రాకుండా గట్టి ప్రహరీ, దాని వెంట గస్తీ తిరిగే బాట ఉండాలి. పక్షులను గోడ ఆపలేదు. చెత్త, మాంసపు వ్యర్థాలు ఉన్న చోటికి పక్షులు చేరతాయి. అవి విమానపు యంత్రంలో పడితే ప్రమాదం. అందుకే విమానాశ్రయానికి 10 కిలోమీటర్ల పరిధిలో బహిరంగంగా చెత్త వేయడాన్ని, జంతువధ చేయడాన్ని మన విమానయాన నిబంధనలు నిషేధించాయి. ఆ పరిధిలోని పంచాయతీలు, సంతలు, ఇళ్ళు అన్నీ ఈ విధంగా విమాన భద్రతలో భాగస్వాములవుతాయి.

వీటన్నింటిని పరిశీలించిన తరువాతనే పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ విమానాశ్రయానికి లైసెన్సు ఇస్తుంది. లైసెన్సు వచ్చినంతమాత్రాన బాధ్యత తీరదు. రెండేళ్ళకొకసారైనా పూర్తి స్థాయిలో ప్రమాద నివారణ అభ్యాసం జరపాలి. సమీపంలోని ఆసుపత్రి, పోలీసులు, అగ్నిమాపక కేంద్రం అందులో పాల్గొనాలి. చేతులు కాలాక ఆకులు పట్టుకొని ప్రయోజనం లేదు. ఎవరు ఏ దారిన రావాలో, గాయపడినవారిని ఎక్కడికి చేర్చాలో ముందే తెలిసి ఉండాలి.

చిన్న విమానాశ్రయాలు ప్రజలకు మేలు చేయవని దీని అర్థం కాదు. పొరుగున ఉన్న కడపలో 2015 జూన్‌లో విమానాశ్రయం పునఃప్రారంభమయింది. 'ఉడాన్' పథకం కింద 2017 ఏప్రిల్ 27న మొదలైన తొలి సర్వీసులలో కడప – హైదరాబాద్ విమానం ఒకటి. సామాన్యుడికి ఆకాశయానం అందుబాటులోకి రావడం హర్షించదగిన మార్పే. అయితే రాకపోకలు తక్కువగా ఉన్న చోట ఖర్చు తగ్గించుకోవాలనే ఆలోచన కలుగుతుంది. ఆ ఆలోచన మొదట పడేది కంటికి కనబడని వాటి మీదనే. అద్దాల భవనాన్ని ఎవరూ తగ్గించరు. రన్‌వే చివరి ఖాళీ నేలను, సిద్ధంగా నిలిచి ఉన్న అగ్నిమాపక వాహనాన్ని మాత్రం వృథా అనుకుంటారు.

విమానాశ్రయం కోసం భూమినిచ్చే రైతుకు తాను దున్నిన చేను ఖాళీగా పడి ఉండడం చూస్తే మనసు కలుక్కుమంటుంది. ఆ నేల పంట పండించకపోవచ్చు. కాని ఏదో ఒక వాన రాత్రి, ఆగవలసిన చోట ఆగలేని విమానంలోని వారందరినీ బతికించేది అదే కావచ్చు. అందుచేత అతనికి న్యాయమైన పరిహారం ఇవ్వడం ఎంత అవసరమో, అతడిచ్చిన నేలను ఆక్రమణలకు, కట్టడాలకు వదలకుండా కాపాడడమూ అంతే అవసరం. రేపు పీఠభూమి మీద విమానం దిగిన నాడు, ఆ విమానాశ్రయం గొప్పదనాన్ని దాని భవనం మెరుపుతో కాక, ఆ ఖాళీ నేలను అది ఎంత శ్రద్ధగా కాపాడుకుంటున్నదో చూసి కొలవాలి.