గొట్టంలో గాలి బుడగలు

కాలనీ మంచినీటిలో హైపోక్లోరైట్ కలిపే డోసింగ్ పంపు ఆడుతూనే ఉన్నది. కుళాయి నీటిలో మాత్రం క్లోరిన్ జాడ లేదు. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములుండాలి. నీరు కాచి తాగవలసిందిగా ఇంటింటికీ కబురంపాము.

సక్షన్ గొట్టం నిండా బుడగలే. హైపోక్లోరైట్ వేడికి విచ్ఛిన్నమై ఆక్సిజన్‌ను వదులుతుంది గదా అని ముందు దానినే అనుమానించాము. ట్యాంకుకు నీడ కల్పించినా బుడగలు ఆగలేదు. కారిన తడి కోసం గొట్టమంతా వెదికాము, లేదు. ఉండదు కూడా! ట్యాంకు పంపుకు దిగువన ఉన్నందున సక్షన్ గొట్టంలో పీడనం బయటికన్నా తక్కువ; పగులుంటే ద్రావణం కారదు, గాలే లోపలికి దూరుతుంది. ఇంతటి ప్రాథమిక విషయం మాకు రెండవనాటికి గాని తట్టలేదు.

జాయింట్లపై ఒక్కొక్కటిగా నీరు చిలకరించాము. పంపు దగ్గరి నట్టు తడవగానే బుడగలు ఆగాయి. గట్టిపడి చిట్లిన గొట్టం కొసను అంగుళం మేర కోసి బిగించాము. సాయంత్రం చివరి వీధి కుళాయిలో 0.3 వచ్చింది.