ముందు ఆగటం నేర్చుకోండి!

పిల్లలూ, విశాఖపట్నం నుంచి అరకులోయకు రైలులో వెళ్ళారా? ఆ దారిలో బొర్రా గుహలు వస్తాయి. సొరంగాల మీద సొరంగాలు వస్తాయి. అరకుకు దగ్గరలో ఉన్న శిమిలిగుడ స్టేషను సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉన్నది. 1960లలో వేసిన ఈ దారిన, బైలదిల్లా కొండల ఇనుపరాయి విశాఖపట్నానికి చేరుతుంది. గూడ్సు బండి కొండ ఎక్కేటప్పుడు ఖాళీగా పోతుంది. దిగేటప్పుడు నిండు బరువుతో వస్తుంది. అందుచేత ఇక్కడ బండిని లాగటం కన్న పట్టి ఆపటమే పెద్ద పని. మంచి బ్రేకులు లేకుండా ఏ బండీ కొండ దిగదు.

కాళ్ళకు చక్రాలు కట్టుకునేవారు కూడా ఈ సంగతి మరవరాదు.

పూర్వం లండనులో జాన్ జోసెఫ్ మెర్లిన్ అనే యంత్రశిల్పి ఉండేవాడు. ఆయన 1760 ప్రాంతంలో చక్రాల జోళ్ళు తొడుక్కుని, ఫిడేలు వాయిస్తూ ఒక విందులోకి దూసుకువచ్చాడట. పరుగు బాగానే సాగింది. కాని ఆగే ఉపాయం ఆయనకు తెలియదు! నేరుగా పోయి ఒక పెద్ద అద్దానికి కొట్టుకున్నాడట. అద్దం పగిలింది, ఫిడేలు విరిగింది, ఆయనకు గాయాలయ్యాయి.

ఒకే వరుసలో చక్రాలుండే ఈనాటి స్కేట్లకు, చాలావాటిలో, ఒక కాలి మడమ వెనక రబ్బరు ముక్క ఉంటుంది. అదే బ్రేకు. దాన్ని వాడే విధం ఇది:

మోకాళ్ళు కొద్దిగా వంచండి. చేతులు ముందుకు చాపండి. చూపు దారి మీద ఉంచండి. బ్రేకు ఉన్న పాదాన్ని ముందుకు జరపండి. బరువు వెనక కాలి మీద ఉండాలి. ఇప్పుడు ముందు పాదం వేళ్ళను మెల్లగా పైకెత్తండి. మడమ వెనక రబ్బరు నేలను ఒరుసుకుంటుంది. మోకాళ్ళు ఇంకొంచెం వంచి కూర్చోబోయినట్టు దిగితే, వేగం తగ్గి ఆగిపోతారు. ఆగిన తరవాత రబ్బరును తాకి చూడండి; వెచ్చగా ఉండవచ్చు. మీ వేగం ఎక్కడికీ మాయం కాలేదు, రాపిడివల్ల వేడిగా మారింది!

ఇంకొక చిన్న లెక్క. వేగం రెండింతలైతే, అదే బ్రేకుతో ఆగటానికి నాలుగింతల దూరం కావాలి. రాపిడీ, గాలీ అడ్డుపడకపోతే, 5 మీటర్ల ఎత్తు దిగేసరికి చక్రాల మీది మనిషి వేగం గంటకు 36 కిలోమీటర్లకు చేరుతుంది. 5 మీటర్లంటే ఒక కొబ్బరిచెట్టు ఎత్తు కూడా కాదు! మరి అనంతగిరి ఘాటురోడ్డు ఎన్ని వందల మీటర్లు దిగుతుందో ఆలోచించండి. ఆ రోడ్డు మీద మలుపులుంటాయి, లారీలుంటాయి, పొద్దుటిపూట పొగమంచుకు నేల తడిసి ఉంటుంది. తడినేల మీద బ్రేకు సరిగా పట్టదు. అక్కడ స్కేట్లు కట్టటం సాహసం కాదు, తెలివితక్కువతనం.

అందుచేత బండ్లు తిరగని, చదునైన సిమెంటు నేల చూసుకోండి. బడి ఆవరణ అయినా సరే. పెద్దవారిని ఒకరిని తోడు ఉంచుకోండి. తలకు హెల్మెట్టు, మణికట్లకు, మోచేతులకు, మోకాళ్ళకు కాపులు తప్పక తొడగండి. పడిపోతామనిపిస్తే వెనక్కు వాలకండి. కిందికి వంగి, మోకాలి కాపుల మీద ముందుకు జారండి.

నేల మీద ఒక సుద్దగీత గీయండి. మెల్లగా వచ్చి దాని దగ్గర ఆగండి. పదిసార్లకు పదిసార్లూ గీత దాటకుండా ఆగగలిగితే, అప్పుడు కొంచెం వేగం పెంచండి.

తలిదండ్రులారా, పిల్లవాడు ఎంత వేగంగా పోతున్నాడని అడగటానికి ముందు, ఎంత దూరంలో ఆగుతున్నాడో చూడండి. ఆగటం వచ్చినవాడికి పరుగు దానంతట అదే వస్తుంది.