కారు కుదుపుతోందా? సస్పెన్షన్‌కి డబ్బులు కట్టే ముందు మీ ఫోన్‌తో ఈ టెస్ట్ చేయండి

మా ఇంట్లో ఉన్నది తొమ్మిదేళ్ల హ్యాచ్‌బ్యాక్. గత నెల హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్తుంటే స్పీడ్ 80 దగ్గరకు వచ్చేసరికి వెనక సీటు వణుకుతోందని అమ్మ చెప్పింది. సిటీలో అయితే చిన్న గుంత వచ్చినా నడుముకి దెబ్బ తగులుతోంది. గ్యారేజీకి తీసుకెళ్తే మెకానిక్ వీధి చివరి దాకా ఓ రౌండ్ కొట్టి వచ్చి, "నాలుగు షాకర్లూ పోయాయి సార్, 24 వేలవుద్ది" అన్నాడు. కారు కింద చూడలేదు, టైర్లలో గాలి ఎంతుందో చూడలేదు.

ఒక్క రోజు టైమ్ అడిగి బండి ఇంటికి తెచ్చేశాను. ఆ రోజు తేలిందేంటంటే, మా షాకర్లు బాగానే ఉన్నాయి. 24 వేలు కట్టినా ఆ వణుకు పోయేది కాదు. పైగా అసలు ప్రమాదం కారులోనే మిగిలిపోయేది. దాన్ని పట్టుకోవడానికి వాడినవి ఒక ఫోన్, ఒక టైర్ ప్రెజర్ గేజ్, ఇంకా పక్క సీట్లో ఒక ఫ్రెండ్. అంతే. మీ కారుకి కూడా ఇదే పద్ధతి పనికొస్తుంది.

ముందు ఏ రకం కుదుపో తేల్చండి

"రైడ్ బాలేదు" అని చెప్తే మెకానిక్ తనకు తోచింది మారుస్తాడు. అందుకే కుదుపు ఎప్పుడు, ఎక్కడ, ఎలా వస్తోందో ముందు మీరు గమనించాలి.

• చిన్న గుంతలకి కూడా గట్టిగా కొడుతోంది: టైర్లలో గాలి ఎక్కువై ఉండొచ్చు, రబ్బరు పాతబడి గట్టిపడి ఉండొచ్చు. లేదా లుక్ కోసం పెద్ద రిమ్ములు వేసి ఉంటారు.

• స్పీడ్ బ్రేకర్ దాటాక పడవలా రెండు మూడు సార్లు ఊగుతోంది: షాక్ అబ్జార్బర్లు అరిగిపోయిన లక్షణం.

• మెల్లగా వెళ్తున్నప్పుడు గుంతల్లో "టక్ టక్" అని సౌండ్: స్టెబిలైజర్ లింక్, బుష్, బాల్ జాయింట్ లేదా స్ట్రట్ మౌంట్ అనుమానించాలి.

• నున్నటి రోడ్డు మీద కూడా ఒక స్పీడ్ దగ్గర వణుకు: వీల్ బ్యాలెన్స్, వంగిన రిమ్ లేదా పాడైన టైరు. స్టీరింగ్ వణికితే ఎక్కువగా ముందు చక్రాలు, సీటు వణికితే వెనకవి.

• బ్రేక్ వేసినప్పుడు మాత్రమే వణుకు: బ్రేక్ డిస్క్ చూపించుకోండి.

• ఆగి ఉన్నప్పుడు కూడా వణుకు: ఇంజిన్ మౌంట్లు.

రూపాయి ఖర్చు లేని చెకప్

మొదట గాలి. ఎంత పెట్టాలో డ్రైవర్ డోర్ తీస్తే కనిపించే స్టిక్కర్ మీద ఉంటుంది. టైరు పక్కన రాసి ఉండే పెద్ద నంబర్ ఆ టైరు తట్టుకునే గరిష్ఠ ప్రెజర్ మాత్రమే, మీ కారుకి సరైనది కాదు. చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు. ఉదయం బండి తీయకముందే కొలవండి, ఎందుకంటే నడిపాక టైరు వేడెక్కి రీడింగ్ కొన్ని పాయింట్లు పెరుగుతుంది. మా స్టిక్కర్ 30 పీఎస్ఐ అంటే గేజ్ 41 చూపించింది! "కొంచెం ఎక్కువ ఉంటే మైలేజ్ వస్తది" అని బంకులో కొట్టించిన గాలి అది. దాన్ని 30కి దించగానే గుంతల్లో నడుముకి తగిలే దెబ్బ చాలావరకు తగ్గింది. కానీ హైవే వణుకు అలాగే ఉంది. అంటే మా కారులో ఒకటి కాదు, రెండు సమస్యలు.

రెండోది బౌన్స్ టెస్ట్. కారు ఒక మూలని రెండు చేతులతో గట్టిగా కిందికి నొక్కి వదిలేయండి. పైకి లేచి ఒక్క ఊపుకే కుదురుకుంటే ఓకే. రెండు మూడు సార్లు ఊగితే ఆ మూల షాకర్ పని అయిపోయినట్టే. గ్యాస్ షాకర్లున్న కొన్ని కార్లలో ఈ టెస్ట్ అంత కచ్చితంగా తేల్చదు కాబట్టి షాకర్ బాడీ మీద ఆయిల్ కారిన జిడ్డు ఉందేమో కూడా చూడండి.

ఫోన్‌లోనే ల్యాబ్ ఉంది

స్క్రీన్ అడ్డంగా తిప్పితే వీడియో తిరగడానికి కారణం యాక్సెలరోమీటర్ అని మీకు తెలిసిందే. అదే సెన్సర్ మోడల్‌ని బట్టి సెకనుకు 100 నుంచి 500 సార్లు కదలికను కొలుస్తుంది. కారు వణుకు పట్టుకోవడానికి అది చాలు. జర్మనీలోని ఆఖెన్ యూనివర్సిటీ వాళ్లు తయారు చేసిన ఫైఫాక్స్ అనే ఫ్రీ యాప్ ఆండ్రాయిడ్‌లోనూ ఐఫోన్‌లోనూ ఉంది. అందులో యాక్సెలరేషన్ స్పెక్ట్రమ్ అనే టూల్ ఓపెన్ చేస్తే వణుకు సెకనుకు ఎన్నిసార్లు వస్తోందో, అంటే ఎన్ని హెర్ట్జ్ అనేది గ్రాఫ్‌లో శిఖరంలా కనిపిస్తుంది.

సెటప్‌లో జాగ్రత్తలు ఇవి:

1. ఫోన్‌ని హోల్డర్‌లో పెట్టొద్దు. హోల్డరే ఊగి రీడింగ్ పాడుచేస్తుంది. డబుల్ సైడ్ టేప్‌తో సీటు పట్టాల దగ్గర గట్టి చోట పడుకోబెట్టి అతికించండి. మ్యాట్ మీద వద్దు.

2. యాప్ పని అంతా పక్కనున్న ఫ్రెండ్‌దే. డ్రైవర్ ఫోన్ వైపు చూడకూడదు.

3. ఖాళీగా ఉన్న ఒకే రోడ్డు మీద 60, 80 స్పీడ్‌లలో కనీసం 20 సెకన్లు స్పీడ్ మారకుండా నడపండి. స్పీడోమీటర్ సాధారణంగా కాస్త ఎక్కువ చూపిస్తుంది కాబట్టి స్పీడ్‌ని ఇంకో ఫోన్‌లో జీపీఎస్‌తో చూసుకోండి.

4. టెస్ట్ అవ్వగానే ఫోన్ తీసేయండి. బైక్ ఇంజిన్ల నుంచి వచ్చే గట్టి వైబ్రేషన్ ఎక్కువ కాలం తగిలితే కెమెరా స్టెబిలైజేషన్ దెబ్బతినొచ్చని 2021లో ఆపిల్ కూడా హెచ్చరించింది. కొన్ని నిమిషాల టెస్ట్‌తో భయం లేదు కానీ రోజూ అలా వదిలేయకండి.

ఇప్పుడు అసలు లెక్క

మా టైరు సైజు 185/65 ఆర్15. వెడల్పు 185 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 65 శాతం, అంటే 120. రిమ్ 15 అంగుళాలు, అంటే 381. మొత్తం వ్యాసం సుమారు 621 మిల్లీమీటర్లు, చుట్టుకొలత 1.95 మీటర్లు. గంటకు 80 కిలోమీటర్లంటే సెకనుకు 22.2 మీటర్లు. దాన్ని 1.95తో భాగిస్తే 11.4. అంటే 80లో చక్రం సెకనుకు 11.4 సార్లు తిరుగుతుంది. 60లో అయితే 8.5 సార్లు, 100లో 14.2 సార్లు.

ఇక గ్రాఫ్ చదవడం ఈజీ:

• స్పీడ్‌తో పాటు శిఖరం కూడా 8.5 నుంచి 11.4కి జరిగితే దోషి చక్రమో టైరో. టైరులో ఒక చోట లోపం ఉంటే అది చక్రం తిరిగిన ప్రతిసారీ ఒకసారి తగులుతుంది కదా.

• స్పీడ్ అదే ఉంచి గేర్ మారిస్తే శిఖరం జరుగుతోందంటే ఇంజిన్ వైపు చూడాలి. 2,400 ఆర్‌పీఎం అంటే సెకనుకు 40 తిరుగుళ్లు, కాబట్టి అది గ్రాఫ్‌లో చాలా పైన ఉంటుంది.

• స్పీడ్ బ్రేకర్ దాటాక 1 నుంచి 2 హెర్ట్జ్ దగ్గర ఊపు ఆగకుండా సాగితే అది కారు బాడీ స్ప్రింగుల మీద ఊగడం. ఆపాల్సిన షాకర్లు ఆపట్లేదన్నమాట.

ఇంకో సంగతి. స్ప్రింగుకీ టైరుకీ మధ్య చక్రం తనంతట తాను ఊగే సహజ వేగం చాలా కార్లలో 10 నుంచి 15 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. 80 నుంచి 100 స్పీడ్‌లో చక్రం తిరిగే వేగం సరిగ్గా అక్కడికే వస్తుంది. ఊయలని సరైన టైమ్‌లో తోస్తే ఎలా పెరుగుతుందో, సిటీలో తెలియని లోపం హైవే మీద అలా బయటపడుతుంది.

మా కారులో ఏం దొరికింది?

60లో శిఖరం 8.5 దగ్గర, 80లో 11.4 దగ్గర. స్పీడ్ బ్రేకర్ తర్వాత ఊపు వెంటనే ఆగిపోయింది. అంటే షాకర్లు కాదు, చక్రం. ముందు సీటు కింద కంటే వెనక ఫ్లోర్ మీద శిఖరం రెట్టింపు ఉంది. ఇంటికొచ్చి వెనక ఎడమ చక్రం విప్పి స్పేర్ టైరు వేసి మళ్లీ నడిపితే శిఖరం మాయం! మన భాషలో చెప్పాలంటే పక్కా ఏ/బీ టెస్ట్. మీ స్పేర్ కూడా ఫుల్ సైజ్ అయితేనే ఇలా చేయండి, సన్నటి స్పేర్‌తో వద్దు.

విప్పిన టైరుని తిప్పి చూస్తే లోపలి వైపు గోడ మీద కోడిగుడ్డంత ఉబ్బు. బయటి నుంచి ఎంత చూసినా కనిపించని చోట. ఎప్పుడో గుంత అంచుకీ రిమ్ముకీ మధ్య టైరు నలిగి, గోడలోని దారాలు తెగిపోయాయి. ఇప్పుడు అక్కడ గాలిని ఆపుతున్నది ఉత్త రబ్బరే. దానికి ప్యాచ్ ఉండదు, రిపేర్ ఉండదు, టైరు పారేయాల్సిందే. 100 స్పీడ్‌లో అది పేలి ఉంటే? వెనక సీట్లో అమ్మ ఉంది. ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు.

వెనక రెండు టైర్లూ కొత్తవి వేయించాం. బ్యాలెన్సింగ్‌తో కలిపి 11 వేలు అయింది.

గ్యారేజీకి వెళ్లే ముందు

ఫోన్ సమస్య ఏ వైపు ఉందో చెప్తుంది కానీ ఏ పార్ట్ పోయిందో చెప్పదు. టక్ టక్ సౌండ్లకి, బుష్‌లకి కారుని లిఫ్ట్ మీద ఎక్కించి చూడాల్సిందే. షాకర్లు నిజంగా పోతే ముందు రెండూ లేదా వెనక రెండూ జంటగా మార్చాలి. వణుకుతోందని చెప్తే అలైన్‌మెంట్ చేసి పంపిస్తారు కొందరు. అలైన్‌మెంట్ సరిచేసేది కారు ఒక పక్కకి లాగడాన్ని, టైర్లు వంకరగా అరగడాన్ని. స్పీడ్‌లో వచ్చే వణుక్కి బ్యాలెన్సింగ్ అడగండి, చక్రం విప్పినప్పుడు లోపలి గోడ మీరే చూడండి.

"రైడ్ బాలేదు" అనకండి. "80లో వెనక ఎడమ వైపు వణుకుతోంది, గాలి కరెక్ట్‌గా ఉంది, స్పేర్ వేస్తే పోయింది" అనండి. అప్పుడు బిల్లు కూడా అసలు సమస్యకే పడుతుంది. ఇవన్నీ చేసే టైమ్ లేకపోయినా పర్లేదు, రేపు ఉదయం గాలి కొలిచి, నాలుగు టైర్ల లోపలి వైపూ టార్చ్ వేసి ఒకసారి చూడండి చాలు.