గుర్రానికి క్యాలెండరు తెలియదు

నలభై మూడో ఏట గుర్రం ఎక్కానంటే మా అత్తగారు నేటికీ జీర్ణించుకోలేరు. "పెళ్ళి ఊరేగింపులకు అద్దెకిస్తారుటే?" అని మొదటి రోజే అడిగారు. బ్యాంకు ఉద్యోగం, చదువుకునే పిల్ల, ఇంటెడు చాకిరీ, వీటి మధ్య ఈ పిచ్చి ఎక్కడ పట్టుకుందని మీరూ అడుగుతారు. చెబుతాను.

2023 సెప్టెంబరులో హాంగ్జౌ ఆసియా క్రీడల్లో మన రౌతులు నలుగురు డ్రెస్సాజ్ జట్టు పోటీలో బంగారు పతకం గెలిచారు. 1982 ఢిల్లీ క్రీడల తరువాత గుర్రపుస్వారీలో మనకు బంగారం రావడం మళ్ళీ అప్పుడే. టీవీలో చూసి మా అమ్మాయి "గుర్రం డాన్సు చేస్తోందమ్మా!" అని గంతులు వేసింది. దాన్ని చేర్పిద్దామని హైదరాబాదు పొలిమేరలో ఉన్న ఒక స్వారీబడికి తీసుకువెళ్ళాను. పనిలో పనిగా నేనూ చేరాను. పిల్ల మూడు నెలలకు మానేసింది. నేను మానలేదు.

నాకిచ్చిన గుర్రం పేరు చాందినీ. ఒకప్పుడు పందేలలో పరిగెత్తి, వయసు మళ్ళాక బడికి వచ్చిన ఆడగుర్రం. దానిమీద మొదటి పోటీలో నాకు వచ్చింది 54 శాతం. చివరినుంచి రెండోస్థానం! ఆ పౌరుషంతో 2024 మే నెలలో ఒక నోటుపుస్తకం కొని, రాబోయే సీజనులో నా లక్ష్యాలు రాశాను: నవంబరులో రిబ్బను, జనవరిలో రిబ్బను, ఫిబ్రవరిలో కప్పు.

మా ఉస్తాద్‌గారు సైన్యంలో గుర్రాల మధ్యనే జీవితం గడిపి రిటైరైన మనిషి. పుస్తకం చూసి నవ్వారు.

"అమ్మా, రిబ్బను నీ చేతిల లేదు. అవతలోళ్ళు మంచిగ చేస్తే నువ్వేం చేస్తవ్? నీ చేతిల ఉన్నది రాయి."

ఆ మాట అర్థం కావాలంటే డ్రెస్సాజ్ సంగతి కొంచెం చెప్పాలి. 20 మీటర్ల వెడల్పు, 40 మీటర్ల పొడవు ఉన్న ఆవరణ. చుట్టూ అక్షరాల గుర్తులు. ఫలానా అక్షరం దగ్గర ఆగాలి, ఫలానా చోట ట్రాట్ అందుకోవాలి, ఫలానా చోట వలయం తిప్పాలి అని ముందే నిర్ణయిస్తారు. ఒక్కొక్క అంశానికి సున్నా నుంచి 10 వరకు మార్కులు; 6 అంటే "తృప్తికరం". అంతటా ఆరేసి వస్తే 60 శాతమన్నమాట. అందుచేత రిబ్బన్లు కొట్టేసి, కొత్తగా మూడే రాశాను: డ్రెస్సాజ్‌లో 60 శాతం, 70 సెంటీమీటర్ల ఎత్తు దూకుళ్ళలో ఒక్క కర్రా పడకుండా ఒకసారి పూర్తి చేయడం (కర్ర పడితే 4 తప్పులు), సీజను చివరిదాకా చాందినీ కుంటకుండా ఉండడం. మూడోది ఉస్తాద్‌గారు రాయించారు. నేను దాన్ని చివర రాస్తే, తీసి మొదట పెట్టమన్నారు.

ఇక పథకం. దాన్ని వెనకనుంచి ముందుకు వేయాలట! ఫిబ్రవరి మధ్యలో పెద్ద పోటీ. దానికి ముందు పది రోజులు కొత్త పాఠం లేదు. జనవరి మొదట్లో ఒక చిన్న పోటీ, నవంబరులో ఇంకొకటి. ఎండలు తగ్గాక మొదట నెలా పదిహేను రోజులు ఉత్త నడక, నెమ్మది ట్రాట్ మాత్రమే. గుర్రానికి ఊపిరి కొద్ది వారాల్లోనే పెరుగుతుంది. కాళ్ళలోని నరాలు, ఎముకలు గట్టిపడడానికి నెలలు పడుతుంది. ఊపిరి చూసి మోసపోయినవాళ్ళే కాళ్ళు పోగొడతారట. వారానికి మూడు రోజులు గట్టి పని, మూడు రోజులు తేలిక, ఒక రోజు పూర్తి విశ్రాంతి. ఆరేడు వారాలకొకసారి లాడాలు మార్పించాలి. ధనుర్వాతం టీకా, గ్లాండర్స్ లేదని రక్తపరీక్ష తేదీలు కూడా పుస్తకంలోకి ఎక్కాయి. వాటి పక్కనే అమ్మాయి పరీక్షలు, మరిది గృహప్రవేశం, సంక్రాంతి. మావారు ఆ పేజీ చూసి, "నా పుట్టినరోజు కూడా ఎక్కడైనా ఇరికించు" అన్నారు.

నవంబరులో 57 వచ్చింది. జనవరిలో 58.5. ఆ ఒకటిన్నర నా బుద్ధి చెడగొట్టింది.

సంక్రాంతికి ఉస్తాద్‌గారు ఊరు వెళ్ళారు. ఆనాడు చాందినీకి విశ్రాంతి దినం. నేను సాయీసును బతిమాలి జీను కట్టించి, దూకుళ్ళ కర్రలు పెట్టించాను. వానలు వెనకబట్టి నేల రాయిలా ఉంది. ఒక్కసారి అనుకున్నది తొమ్మిదిసార్లయింది. తొమ్మిదోసారి ఒక్క కర్రా కదలలేదు. ఎంత సంబరపడ్డానో!

మర్నాడు పొద్దున చాందినీ ముందరి ఎడమకాలు నేలకు ఆనించలేదు.

డాక్టరుగారు పట్టకారులాంటి పనిముట్టుతో గిట్ట చుట్టూ నొక్కుతూ వచ్చారు. ఒకచోట అది చివుక్కున కాలు లాక్కుంది. అరికాలు కమిలిందన్నారు. మూడు వారాలు విశ్రాంతి. ఉస్తాద్‌గారు పండుగ వదిలి వచ్చి, "జీను ఎవరు కట్టిన్రు?" అని అడిగారు. సాయీసు తల వంచుకున్నాడు. ఉద్యోగం పోతుందని భయం. నా గొంతు తడారిపోయింది. "నేనే కట్టమన్నాను. అతను వద్దన్నాడు" అన్నాను.

ఆయన కేకలు వేయలేదు. "క్యాలెండరు నువ్వు రాసుకున్నవమ్మా. గుర్రానికి క్యాలెండరు తెల్వదు. దానికి తెల్సింది ఈ దినం కాలు నొస్తుందా లేదా, అంతే" అన్నారు. తిడితే బాగుండుననిపించింది.

ఆ మూడు వారాలూ తెల్లవారుజామున వెళ్ళి గిట్ట కడిగి, దాణా పెట్టి, మాలీషు చేశాను. ఫిబ్రవరి పోటీకి పేరు తీసేయించుకున్నాను. ఇంట్లో కూర్చుని ఏడవకుండా, న్యాయనిర్ణేత పక్కన కూర్చుని ఆవిడ చెప్పే మార్కులూ వ్యాఖ్యలూ రాసిపెట్టే పనికి వెళ్ళాను. అది ఎవరైనా ఒక్కసారి చేయవలసిన పని! మార్కులు పోయేది గొప్ప విన్యాసాల్లో కాదు. మూలలు సరిగా తిరగకపోవడం, వంకరగా ఆగడం, వలయం కోడిగుడ్డు కావడం, వీటిలో. నేను ఏడాదిగా చేస్తున్న తప్పులన్నీ ఇతరుల పేర్లతో నా చేత్తోనే రాశాను.

మార్చిలో, ఎండలు ముదరకముందు, బడిలోనే చిన్న పోటీ పెట్టారు. దూకుళ్ళు వద్దనుకుని డ్రెస్సాజ్ మాత్రం చేశాం. మూలలు తిరిగాను. నిటారుగా ఆగాను. 59.6! నాలుగోస్థానం. రిబ్బన్లు మూడింటికే.

ఇంటికి వచ్చి చెబితే అత్తగారు, "ఆ నాలుగు పైసలూ వాళ్ళే వేసుకుంటే ఏం పోయింది?" అని నా తరఫున కోపగించుకున్నారు. మొదటిసారి నా పక్షాన మాట్లాడారు!

కొత్త నోటుపుస్తకం కొన్నాను. మొదటి పేజీలో శాతాలు లేవు. విశ్రాంతి దినాలన్నీ ఎర్రసిరాతో గుర్తు పెట్టి, సాయీసు చేత, నా చేత సంతకాలు చేయించారు ఉస్తాద్‌గారు.