గాలానికి జన గుచ్చితే నేరమా?

అమెరికాలో ఉద్యోగం చేస్తున్న కొడుకు సెలవు రోజున గాలం పట్టుకుని వెళ్తే, చేప జనను, అంటే గుడ్లను, ఎరగా వాడితే జరిమానా పడుతుందని తోటివాళ్లు హెచ్చరించారట. రబ్బరుతో చేసిన గుడ్డయితే పర్వాలేదన్నారట. ‘చేపకు చేప గుడ్డు పెడితే తప్పేమిటి? మన స్వర్ణముఖిలోనో పులికాట్ సరస్సులోనో అలా చేస్తే కూడా తప్పేనా?’ అని వాకాడు నుంచి ఒక పాఠకుడు అడిగారు. చట్టం సంగతి ముందు తేల్చేద్దాం. అమెరికా నేషనల్ పార్కుల మంచినీటి వాగుల్లో, సరస్సుల్లో నిల్వకు శుద్ధి చెయ్యని చేప గుడ్లను ఎరగా వాడకూడదు, వెంట ఉంచుకోనూ కూడదు. ప్రత్యేకంగా అనుమతించిన నీళ్లలోనే మినహాయింపు. ఇంగ్లండులో 1975 నాటి సాల్మన్, మంచినీటి చేపల చట్టం సాల్మన్, ట్రౌట్, ఇతర మంచినీటి చేపల వేటలో ఏ చేప జననైనా వాడటం నేరమంటుంది. మనకు 1897 నాటి ఇండియన్ ఫిషరీస్ చట్టం ఉంది. అది డైనమైట్‌నూ విషాన్నీ నిషేధించింది కానీ ఎర జోలికి పోలేదు. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ సముద్ర చేపల వేట నియంత్రణ చట్టానికి పడవలు, వలలు, వేట ప్రాంతాలు, వేట కాలాలే ముఖ్యం. కాబట్టి వాకాడులో జన గుచ్చినవాణ్ణి ఆ కారణంతో పట్టుకునే సెక్షన్ ఈ రెండు చట్టాల్లోనూ లేదు.

అయితే ఆ దేశాల్లో ఎందుకుంది? ఒకే నిషేధం వెనుక రెండు వేర్వేరు కారణాలున్నాయి. ఇంగ్లండుది తల్లి చేప కథ. జన నుంచి నీళ్లలోకి ఊరే అమైనో ఆమ్లాల వాసన ట్రౌట్‌ను ఎంత గట్టిగా లాగుతుందంటే, ఆ ఎర కోసమే గుడ్లతో నిండిన ఆడ సాల్మన్లను దొంగచాటుగా చంపేవాళ్లు. అందుకే 1861 చట్టంలోనే నిషేధం చేరింది. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర పడవల వేట ఆపడం వెనుక ఉన్నదీ ఈ ఆలోచనే: గుడ్లు పెట్టే వేళ తల్లిని వదిలెయ్యాలి. అమెరికా కారణం వేరు, అది రోగం. 2005 నాటికి గ్రేట్ లేక్స్‌లో వీహెచ్ఎస్ అనే వైరస్ బయటపడి చేపలు పెద్ద ఎత్తున చచ్చి తేలాయి. అప్పటి నుంచి అక్కడి రాష్ట్రాలు ఎర మీద కన్నేశాయి. ఈ వైరస్ గుడ్డు లోపల కాదు, గుడ్ల చుట్టూ ఉండే ద్రవంలోనూ గుడ్డు పైపొర మీదా ఉంటుంది. హ్యాచరీల్లో గుడ్లను 100 పీపీఎం అయోడిన్ ద్రావణంలో పది నిమిషాలు ముంచితే వదిలిపోతుంది. గాలానికి గుచ్చే జనను మామూలుగా ఎవరూ అలా ముంచరు. రబ్బరు గుడ్డు కోసం ఏ తల్లీ చావదు, దాంట్లో వైరసూ ఉండదు. రెండు కారణాల్లో ఏదీ దానికి వర్తించదు. ఎల్లోస్టోన్ వంటి చోట్ల వాసన పట్టించిన కృత్రిమ ఎరను కూడా వద్దంటారు గానీ, దానికీ రోగానికీ సంబంధం లేదు. వాసన ఉంటే చేప లోతుగా మింగుతుంది, అలాంటి చేపను కొక్కెం తీసి వదిలినా బతకడం కష్టం.

ఇక్కడే అసలు ప్రశ్న పుడుతుంది. ఫ్రీజర్‌లో వారాల తరబడి ఉన్న ఎరలో వైరస్ ఎలా బతికుంటుంది? ‘బతకడం’ అన్న లెక్కే దానికి సరిపడదు. గడ్డకట్టించినప్పుడు జీవకణం చావడానికి కారణం లోపలి నీరు. ఆ నీరు మంచు సూదులుగా మారి పొరలను చీల్చేస్తుంది. జనలాగే ఎరగా గుచ్చే రొయ్యలకు తెల్లమచ్చ రోగం తెచ్చే వైరస్‌ను చూడండి. పొడవు మిల్లీమీటరులో మూడు వేలో వంతు, వెడల్పు దాంట్లోనూ మూడో వంతు. లోపల పొట్లం కట్టిన డీఎన్ఏ, చుట్టూ మాంసకృత్తుల కవచం, దాని మీద కొవ్వు పొర. చీలిపోవడానికి కణంలో ఉన్నట్టు నీటి సంచి లేదు. పైగా అది నీళ్లలో ఒంటరిగా గడ్డకట్టడం లేదు, రొయ్య కండ మధ్యలో ఉంది. చుట్టూ ఉన్న మాంసకృత్తులు దానికి కొంత రక్షణ ఇస్తాయి. చచ్చిన కండను కుళ్లబెట్టే ఎంజైములు వైరస్ కవచాన్నీ కొరికెయ్యాలి కదా, చలి వాటి నోరు కట్టేస్తుంది. ప్రయోగశాలల్లో వైరస్‌లను మైనస్ 80 డిగ్రీల్లో దాచుకునేది ఇందుకే. ఫ్రీజర్‌లో కొన్ని వైరస్ రేణువులు పాడవుతాయి, నిజమే, మిగిలినవి చాలు. ఇదే వైరస్ వేడి ముందు నిలవలేదు. 60 డిగ్రీల వేడి ఒక్క నిమిషం తగిలితే పైపొరలోని మాంసకృత్తుల మడతలు విడిపోతాయి, రొయ్య కణాన్ని పట్టుకునే కొక్కేలు పోతాయి. చలి దాన్ని కాపాడుతుంది, పొయ్యి చంపుతుంది. రోగం కోసం పెట్టిన ఎర చట్టాలన్నిటినీ ఈ ఒక్క తేడా మీద నిలబెట్టి ఉండాల్సింది.

తెల్లమచ్చ వైరస్ విషయంలో శాస్త్రజ్ఞులు కూడా తడబడ్డారు. 1992-93లో తైవాన్, చైనాల్లో బయటపడ్డప్పుడు, కడ్డీలా ఉంది కాబట్టి పురుగుల్లో కనిపించే బాకులోవైరస్ జాతే అని తీర్మానించి ఆ పేరే పెట్టారు. 1994-95లో అది నెల్లూరు తీరానికి చేరి టైగర్ రొయ్య చెరువులను తుడిచిపెట్టినప్పుడూ ఆ పేరుతోనే పిలిచారు. 2001లో దాని డీఎన్ఏ మొత్తం చదివాక, దాదాపు మూడు లక్షల అక్షరాల ఆ వరసలో ఎక్కువ జన్యువులు తెలిసిన ఏ వైరస్‌తోనూ సరిపోలడం లేదని తేలింది. నిమావిరిడే అని దానికోసం కొత్త కుటుంబమే పెట్టాల్సి వచ్చింది. ఆకారం చూసి చుట్టరికం కలిపితే ఇలాగే అవుతుంది. రోగం పాకే తీరు మాత్రం రైతులకు ముందే తెలుసు: చచ్చిన రొయ్యను బతికిన రొయ్య తింటుంది, మూడు నుంచి పది రోజుల్లో చెరువు ఖాళీ.

పాలకులు చేసిన పొరపాటుకు ఆస్ట్రేలియా సాక్ష్యం. 2016 చివర్లో క్వీన్స్‌లాండ్‌లోని లోగన్ నది పక్క రొయ్యల ఫారాల్లో తెల్లమచ్చ బయటపడింది. ఏడు ఫారాల్లో సరుకంతా చంపి నీళ్లకు క్లోరిన్ పట్టించారు. వైరస్ ఎలా వచ్చిందో కచ్చితంగా నిరూపణ కాలేదు గానీ, విదేశాల నుంచి తెచ్చి దుకాణాల్లో అమ్ముతున్న పచ్చి రొయ్యలను పరీక్షిస్తే వాటిలో వైరస్ దొరికింది. అనుమానం ఎక్కువగా ఎర మీదికే పోయింది. 2017 జనవరిలో పచ్చి రొయ్యల దిగుమతి ఆపేశారు. అప్పటి దిగుమతి నిబంధనలకు, తినడానికి కొన్న సరుకు తినడానికే వాడతారన్న నమ్మకమే పెద్ద ఆధారం. ఒకడు ఆ రొయ్యను వలిచి గాలానికి గుచ్చితే కాగితం మీది లెక్కంతా నదిలో కలిసినట్టే. ఆ తర్వాత అక్కడ పెట్టిన ఆంక్ష మాత్రం చక్కనిది: ఆ ప్రాంతపు పచ్చి రొయ్యలనూ సముద్రపు ఎర పురుగులనూ బయటికి తీసుకుపోకూడదు, ఉడికించిన రొయ్యలకు అడ్డు లేదు. రొయ్యా, జనా, పురుగా అని కాక, పచ్చిదా ఉడికిందా, ఏ నీళ్లది ఏ నీళ్లకు పోతోంది అని అడిగిన నిబంధన అది.

ఒక్క గాలానికి గుచ్చిన ముక్కతో ఇంత ప్రమాదమా అనవచ్చు. వంటింట్లో పారేసిన పొట్టు అయితే నిజంగానే నీళ్లు చేరకపోవచ్చు. ఎర అలా కాదు, చేపా రొయ్యా పీతా మేత మేసే చోటికే గురిచూసి వేస్తాం. చేప కొరికి వదిలేసిన సగం ముక్కను అడుగున తిరిగే రొయ్యో మండపీతో ముగిస్తుంది. ఆ పీత వైరస్‌ను మోస్తూ కూడా జబ్బు లక్షణాలు లేకుండా తిరగగలదు. రెండో అభ్యంతరం ఇంకా బలమైనది: వీహెచ్ఎస్ చల్లని నీటి వైరస్, నీరు 20 డిగ్రీలు దాటితే దాని జోరు తగ్గిపోతుంది, మరి మన వెచ్చని నీళ్లలో జన గొడవ ఎందుకు? ఈ మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. తెల్లమచ్చ వైరస్‌కు ఇల్లు రొయ్యలూ పీతల వంటి పెంకు జీవులు, చేప గుడ్డు కాదు. పండుగప్ప పిల్లలను చంపే నోడా వైరస్ తల్లి నుంచి గుడ్డు ద్వారా వస్తుంది కాబట్టి, హ్యాచరీ తల్లి చేపల జనను మాత్రం వాగులో వెయ్యకూడదు. ఆ వాగులోనే పట్టిన చేప జనతో కొత్తగా వచ్చే రోగం లేదు. అమెరికా నియమాన్ని తెచ్చి వాకాడులో అతికిస్తే తప్పు లేని జనకు శిక్ష వేసి, చెరువులను ముంచగల పచ్చి రొయ్యను వదిలేసినట్టు అవుతుంది.

వాకాడు, కోట, చిల్లకూరు చుట్టూ చెరువులకు నీళ్లు తోడేదీ వాగుల్లోంచే, వదిలేదీ వాటిలోకే. 2009 నుంచి వనామీ తల్లి రొయ్యలను విదేశాల నుంచి తెప్పించి, చెన్నైలోని క్వారంటైన్‌లో పరీక్షించి గానీ హ్యాచరీలకు ఇవ్వడం లేదు. ఇంత కట్టుదిట్టం చేశాక హ్యాచరీలో ఆ తల్లి రొయ్యలకు వేసే మేతలో తేడా వస్తే అంతా వృథా. తీరంలో తవ్వితెచ్చి మేతగా వేసే ఎర పురుగులు తెల్లమచ్చ వైరస్‌ను మోసుకొచ్చి తల్లి రొయ్యలకు అంటించగలవని చెన్నైలోని సీబా (ఉప్పునీటి ఆక్వా పరిశోధన సంస్థ) శాస్త్రజ్ఞులు 2005లోనే చూపారు. గాలం ఎరకూ హ్యాచరీ మేతకూ సూత్రం ఒకటే: వేరే నీళ్ల పచ్చి సరుకు వద్దు. ఉడికించిన రొయ్య కొక్కేనికి నిలవదు, ఊడిపోతుందని వేటగాళ్లు గొణుగుతారు, అది నిజమే. దానికి బదులు అక్కడే పట్టిన చేప ముక్కో, ఆ చేప జనో గుచ్చుకోవచ్చు. జబ్బు తగిలి తొందరగా పట్టేసిన చెరువు సరుకులోంచి ఏరిన రొయ్య మాత్రం, పైసా ఖర్చు లేకుండా దొరికినా, గాలానికి గానీ పీతల బుట్టకు గానీ పనికిరాదు.