వడకట్టిన పాలు ఎందుకు విరుగుతాయి?

ఇటీవల జ్యోతినగర్ సమీపంలోని ఒక సంఘాన్ని తనిఖీ చేస్తున్నప్పుడు, పరీక్షలో పాలు విరిగినందున తిప్పి పంపబడిన ఒక సభ్యురాలు నన్ను ఆపి, "సారూ, రెండు మడతల గుడ్డతోని వడకట్టిన. ఒక్క నలుసు లేదు. అయినా పాలెట్ల విరిగినయి?" అని అడిగింది. ఆమెకు ఆ పూట పాల డబ్బు పోయినట్లే. ఆమె ప్రశ్నకు సమాధానం నలుసు పరిమాణంలో ఉన్నది.

మిల్లీమీటరులో వెయ్యవ వంతును మైక్రాన్ అంటారు. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. అంగుళానికి 100 కన్నులున్న జల్లెడలో ఒక్కొక్క కన్ను సుమారు 150 మైక్రాన్లు. గడ్డి పరకలు, పేడ తునకలు దానిపై నిలిచిపోతాయి. కాని మన ప్రాంతపు బొగ్గు ధూళిలోను, బూడిదలోను 10 మైక్రాన్లకు లోపు రేణువులు కూడా ఉంటాయి. అవి జారిపోతాయి.

పాలలోని వెన్న గోళం సగటున 3, 4 మైక్రాన్లు. పాలను పులియజేసే సూక్ష్మజీవి సుమారు 1 మైక్రాన్ మాత్రమే. అనగా సూక్ష్మజీవిని ఆపగల గుడ్డ ఉన్నచో, అది ముందుగా వెన్ననే ఆపివేయును! అంతేకాదు, గుడ్డపై నిలిచిన పేడ మీదనే మరల పాలు పోసినచో, అందులోని సూక్ష్మజీవులు కడిగినట్లు క్యానులోనికి దిగుతాయి.

పరిమాణాన్ని కొలుచుట ఎట్లు? పెద్ద రేణువులకు వరుస జల్లెడలు, చిన్నవాటికి కొలబద్ద గల సూక్ష్మదర్శిని వాడుతారు. ప్రయోగశాలలలో నేడు లేజరు కాంతితోను కొలుస్తున్నారు. వడపోత సామగ్రిపై "5 మైక్రాన్లు" అని ఉన్నంత మాత్రాన అంతకు మించినవన్నీ ఆగునని కాదు. నూటికి ఎన్ని ఆగునో అడిగి కొనవలెను.

సంఘంలో తెల్లని దూది బిళ్ల గుండా అర లీటరు పాలు పోసి మరకను చూచినచో మురికి తెలియును. సూక్ష్మజీవుల సంఖ్యను అంచనా వేయుటకు మిథిలీన్ బ్లూ పరీక్ష కావలెను. నీలిరంగు ఎంత త్వరగా పోయినచో పాలు అంత చెడ్డవి.

కావున కార్యదర్శులు సభ్యులకు ఈ విషయాలు చెప్పవలెను: పితుకుటకు ముందు పొదుగు, చేతులు కడిగి తుడవాలి. పాత్రపై మూత ఉంచాలి. మురికి పట్టిన గుడ్డను వెంటనే మార్చాలి. ప్రతి పూట గుడ్డను ఉడకబెట్టి ఎండలో ఆరవేయాలి. పితికిన పాలను ఆలస్యం చేయక కేంద్రానికి తేవాలి. కేంద్రంలో 4 డిగ్రీలకు చల్లబరచవలెను.

ఆ సభ్యురాలి గుడ్డ తన పని తాను చేసినది. మిగిలిన పని గుడ్డది కాదు, మనది.